మా ట్యాంకు ఇంతవరకూ నిండలేదు

మా పెదనాన్నగారి ఇల్లు కాకినాడకి దగ్గర్లో ఒక పల్లెలో ఉంది. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన సెప్టిక్ ట్యాంకు, దానికి ఇరవై అడుగుల దూరంలో చేతిపంపు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా, మాట ఇళ్ళ కట్టుబడి మీదికి మళ్ళితే చాలు, ఆయన ఒక సంగతి తప్పకుండా చెప్పేవారు. "ఇరవై రెండేళ్ళయింది. ఇంతవరకూ ఒక్కసారి మూత తీస్తే ఒట్టు. అంత బాగా కట్టాడు మేస్త్రి." వినేవాళ్ళు మెచ్చుకోలుగా తలూపేవారు. నేనూ చాలా ఏళ్ళు ఊపాను.

ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. మన ఊళ్ళలో ఇల్లు కట్టుకున్న ఏ పెద్దమనిషిని కదిపినా ఇదే చెబుతారు: మా ట్యాంకు ఇంతవరకూ నిండలేదు. కొత్తగా కట్టేవాళ్ళకి మేస్త్రులు ఇచ్చే సలహా కూడా దీన్నిబట్టే ఉంటుంది. "అడుగున బెడ్ ఎందుకండీ, మట్టే వదిలేద్దాం. నీళ్ళు ఇంకిపోతాయి, జన్మలో నిండదు." డబ్బూ కలిసొస్తుంది కాబట్టి ఇంటివాళ్ళు సరేనంటారు. ఆ ఒక్క మాటతో సెప్టిక్ ట్యాంకు కాస్తా ఉత్త గొయ్యి అయిపోతుంది.

ఎందుకో తెలియాలంటే ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఇంట్లో అయిదుగురున్నారు. మరుగుదొడ్డిలో ఒక్కొక్కరూ రోజుకి ముప్ఫై లీటర్ల నీళ్ళు పోస్తారనుకున్నా నూటయాభై లీటర్లు. ట్యాంకు పరిమాణం 2000 లీటర్లయితే రెండు వారాల్లో నిండాలి. నిండి తీరాలి. ఆ తర్వాత అది ఎప్పటికీ నిండుగానే ఉండాలి. ఇటు ఒక బకెట్ నీళ్ళు లోపలికి పడితే అటు ఒక బకెట్ నీళ్ళు బయటికి పోవాలి. సెప్టిక్ ట్యాంకు పనిచేయడమంటే అదే. ఇరవై రెండేళ్ళు నీళ్ళు పోసినా నిండని తొట్టి ఉందంటే, ఆ నీళ్ళన్నీ దాని అడుగునుంచీ గోడలనుంచీ ఎటో పోతున్నట్టే.

గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు ఆ నీళ్ళు బిందెతో తెచ్చి, ఓ రాత్రంతా కదపకుండా ఉంచడం మా అమ్మమ్మ తరంవాళ్ళకి అలవాటు. తెల్లారేసరికి బురద అడుగుకి దిగి, పైన తేట నిలిచేది. సెప్టిక్ ట్యాంకు చేసే పనిలో సగం ఇదే. మరుగుదొడ్డినుంచి వచ్చిన నీరు దాంట్లో కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు నిలకడగా ఉండాలి. ఆ వ్యవధిలో బరువైనది అడుగుకి దిగి మడ్డి అవుతుంది. నూనెలు, కొవ్వులు, తేలికైనవి పైకి తేలి తెట్టు కడతాయి. మధ్యలో మిగిలిన తేటనీరే బయటికి పోవాలి.

నీరు నిలకడగా ఉండటానికే ఆ ట్యాంకులో ప్రతి ఏర్పాటూ. చదరంగా కాకుండా పొడవుగా కట్టేది అందుకే. పొడవు వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ నియమావళి చెబుతుంది. ఐఎస్ 2470 అనే ఆ నియమావళి ప్రకారం అయిదుగురున్న ఇంటికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు నీరు నిలిచే ట్యాంకు చాలు. నిజానికి మనవాళ్ళు తవ్వే గోతులు దీనికి రెండింతలు మూడింతలు ఉంటాయి. పెద్దది కట్టడం మీద ఉన్న శ్రద్ధ సరిగ్గా కట్టడం మీద ఉండదు.

లోపల మధ్యలో అడ్డుగోడ కట్టి రెండు గదులు చేస్తే, మొదటి గది మొత్తం పొడవులో మూడింట రెండొంతులు ఉండాలి. మడ్డి చాలావరకు అక్కడే ఆగుతుంది. నీళ్ళు వచ్చే గొట్టానికీ పోయే గొట్టానికీ చివర టీ పైపు బిగించాలి. ఈ టీ పైపు ఖరీదు పెద్దగా ఉండదు, కానీ ట్యాంకు మొత్తానికీ ప్రాణం అదే. వచ్చేవైపు అది నీటి దూకుడుని తగ్గించి కిందికి మళ్ళిస్తుంది, అడుగున మడ్డి చెదరదు. పోయేవైపు దాని కింది కొస తెట్టుకి దిగువన, మడ్డికి ఎగువన ఉంటుంది కాబట్టి తేట మాత్రమే దాంట్లోకి ఎక్కుతుంది. పోయే గొట్టం వచ్చే గొట్టంకన్నా రెండంగుళాలు కిందికి ఉండాలి, లేకపోతే నీరు ఎదురుతన్నుతుంది. మేస్త్రి టీ పైపు మరిచిపోతే తెట్టు నేరుగా బయటికి నడుస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ రంగు కోసం పది దుకాణాలు తిరిగే మనం, స్లాబు వేయకముందు ఒక్కసారి ట్యాంకులోకి తొంగి చూసి ఆ టీ పైపు ఉందో లేదో కనుక్కుంటే ఎంతో మేలు.

మిగతా సగం పని సూక్ష్మజీవులది. దీన్ని మొదట గమనించినాయన ఫ్రాన్స్ దేశపు జాన్ లూయీ మూరా. 1860 ప్రాంతంలో వెసూల్ అనే ఊళ్ళో ఒక ఇంటికి గాలి చొరబడని తొట్టి కట్టించాడు. నీళ్ళు ఒకవైపునుంచి వచ్చి ఇంకోవైపునుంచి పొంగిపోయేట్టు అమర్చాడు. ఏళ్ళ తర్వాత మూత తీసి చూస్తే, అన్నాళ్ళ మలం పేరుకుని ఉండాల్సిన చోట చాలావరకు నీరే ఉంది. పడ్డదాంట్లో ఎక్కువ భాగం కరిగిపోయింది. 1881లో ఆయనకి దానిమీద పేటెంటు వచ్చింది. తర్వాత 1895 ప్రాంతంలో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ అనే ఇంజనీరు ఇలాంటిదే ఊరి మురుగు కోసం కట్టి సెప్టిక్ ట్యాంకు అన్నాడు. సెప్టిక్ అంటే కుళ్ళబెట్టేది అని.

కుళ్ళబెట్టే ఆ జీవులకి గాలి అక్కర్లేదు, గాలి తగిలితే వాటిలో కొన్ని చచ్చిపోతాయి కూడా. అవి వంతులవారీగా పనిచేస్తాయి. ఒక జట్టు మలంలోని పిండిపదార్థాల్నీ మాంసకృత్తుల్నీ కొవ్వుల్నీ తునకలు చేస్తుంది. ఇంకో జట్టు ఆ తునకల్ని ఆమ్లాలుగా మారుస్తుంది. చివరి జట్టు వాటినుంచి మీథేన్ వాయువుని పుట్టిస్తుంది; గోబర్ గ్యాసు ప్లాంటులో పొయ్యికి వచ్చేదీ అదే వాయువు. చివరి జట్టు నెమ్మదస్తులు, సుకుమారులు. ఎండ దేశం కావడం మనకి కలిసొచ్చింది. చలి దేశాల్లో శీతాకాలమంతా మందగించే ఈ పని మన నేలలో ఏడాది పొడుగునా సాగుతుంది.

కొత్త ట్యాంకులో తట్టెడు పేడ వేయాలని పెద్దవాళ్ళు అంటారు. అది ఉత్త నమ్మకమని కొట్టిపారేసేవాళ్ళని చూశాను. కానీ నియమావళి కూడా దాదాపు అదే చెబుతోంది: కొత్త ట్యాంకుని ముందు నీటితో నింపాలి, పాత ట్యాంకు మడ్డి కొంచెం గానీ, అది దొరక్కపోతే బాగా మాగిన పేడ గానీ వేయాలి అని. ఆవు పొట్టలో ఉండేవీ గాలి అక్కర్లేని జీవులే మరి. పేడ వేయకపోయినా మన కడుపులోంచి వచ్చే జీవులతోనే పని మొదలవుతుంది. వేస్తే త్వరగా అందుకుంటుంది. వాటిని చంపేది మనమే. వారానికోసారి సీసాడు యాసిడ్ దిమ్మరించి మరుగుదొడ్డి తెల్లగా మెరిసిందని సంతోషిస్తాం, కింద ట్యాంకులో పని ఆగిపోతుంది. మామూలు వాడకానికి సరిపడా కొద్దిపాటి లోషనుతో ఇబ్బంది లేదు. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, తడి టిష్యూలు, జుట్టు మాత్రం ఏ జీవీ తినదు. అవి తెట్టులో చిక్కుకుని టీ పైపుకి అడ్డంపడతాయి.

ఇంతవరకూ ట్యాంకు చేసే మేలు చెప్పాను. చేయలేనిది కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బయటికి వచ్చే తేట చూడటానికే తేట. దాంట్లో మురికి తగ్గుతుంది గాని, సుమారు సగమో అంతకన్నా ఎక్కువో అలాగే ఉంటుంది. రోగక్రిములు దాదాపు వచ్చినవి వచ్చినట్టే పోతాయి. టైఫాయిడ్, కామెర్లు, అతిసారం తెచ్చే క్రిములకి ట్యాంకులో గడిపే రెండు రోజులు ఒక లెక్క కాదు. మన వీధుల్లో చాలా ఇళ్ళ ట్యాంకు గొట్టం నేరుగా మురికికాలువలోకి తెరిచి ఉంటుంది. ఆ కాలువ పక్కన పిల్లలు ఆడుకుంటారు, బంతి పడితే చెయ్యి పెట్టి తీసుకుంటారు.

ఆ తేటని నిజంగా శుభ్రం చేసేది నేల. అందుకే ట్యాంకు తర్వాత సోక్ పిట్ ఉండాలి. సిమెంటు ఒరలు దించి చుట్టూ కంకర పోసిన గుంతో, కంకర పరిచిన కందకమో. ఆ గుంతనుంచి నేలలోకి జారే నీరు మట్టి రేణువుల మధ్య సన్నని పొరలా పాకుతుంది. అక్కడ గాలి ఉంటుంది, గాలి పీల్చే జీవులుంటాయి. అవి మిగిలిన మురికిని తినేస్తాయి. మట్టి రోగక్రిముల్ని పట్టి ఆపుతుంది. ఇది జరగాలంటే గుంత అడుగుకీ భూగర్భజలానికీ మధ్య తడవని నేల కొంతైనా ఉండాలి. గుంత నేరుగా ఊటలో మునిగి ఉంటే వడబోయడానికి ఏమీ మిగలదు.

నేల అన్నిచోట్లా ఒకటి కాదు. ఎర్రనేల నీటిని ఓపికగా పీలుస్తుంది. నల్లరేగడి వానాకాలంలో ఉబ్బి మూసుకుపోతుంది, గుంత పొంగుతుంది. సముద్రం పక్కన ఇసుకనేల మరీ త్వరగా జార్చేస్తుంది, వడబోత సరిగా జరగదు. గోదావరి డెల్టాలో వానాకాలం మూడడుగులు తవ్వితే నీళ్ళు. ఇన్ని రకాల నేలల్లో ఒకే రకం ఒరలు దించి పని అయిపోయిందనుకుంటున్నాం.

ఈ సోక్ పిట్‌కీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే అరవై అడుగులు ఎడం ఉండాలని నియమావళి. నూటయాభై గజాల స్థలంలో అరవై అడుగులు ఎక్కడినుంచి వస్తాయి? మన బోరుకి మన గుంత దూరంగా ఉన్నా పక్కింటివాళ్ళ గుంత దగ్గరవుతుంది. క్రిములు మరిగిస్తే చస్తాయి, నైట్రేట్ చావదు. మలమూత్రాల్లోని నత్రజని నేలలో నైట్రేట్‌గా మారి బోరులోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకి 45 మిల్లీగ్రాములు మించకూడదు. మరిగించినకొద్దీ నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. సీసాపాలు తాగే పసిబిడ్డలకి ఇది మరీ ప్రమాదం.

మళ్ళీ మా పెరట్లోకి వస్తాను. నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో ఆ ట్యాంకు మూత తీయించాం. కారణం, వానాకాలం రాగానే మరుగుదొడ్డిలో నీళ్ళు దిగకపోవడం, ఎండలు మొదలవగానే అంతా సర్దుకోవడం. పెదనాన్నగారు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నాకు అనుమానం తగిలింది అక్కడే. నేలలో ఊట పైకి వచ్చినప్పుడల్లా ట్యాంకులో నీళ్ళూ పైకి వస్తున్నాయంటే, రెండూ ఒకటే అన్నమాట.

సిమెంటు బిళ్ళ పక్కకి జరిపి, గాలి ఆడటానికి చాలాసేపు వదిలేశాం. పది అడుగుల వెదురుగడ తెచ్చి, కొసనుంచి నాలుగడుగుల మేర పాత తెల్ల తువ్వాలు బిగించి చుట్టాం. పైన నిలబడి, మొహం పక్కకి పెట్టి, గడని నిటారుగా అడుగుదాకా దించి, నాలుగైదు నిమిషాలు ఉంచి మెల్లగా తీయాలి. మంచి ట్యాంకులో అయితే గుడ్డమీద నల్లటి మడ్డి ఎంతవరకు అంటిందో స్పష్టమైన గీత కనిపిస్తుంది. ఆ పైన గుడ్డ తడిసి ఊరుకుంటుంది. మా గడ ఒకచోట ఆగకుండా మెత్తగా దిగుతూనే పోయింది. పైకి తీస్తే కొసన నల్లమడ్డి కాదు, బూడిదరంగు ఇసుక. అడుగు లేదు. ఇరవై రెండేళ్ళు ఇంటిల్లిపాదీ వాడిన నీళ్ళు ఆ ఇసుకలోంచి జారి, ఇరవై అడుగుల అవతల చేతిపంపు ఉన్న ఊటలోకే చేరాయి. పెదనాన్నగారు గడ కొసని చాలాసేపు చూశారు. "మరి ఆ నీళ్ళేగా మీరందరూ సెలవులకొచ్చి తాగింది" అన్నారు.

సరిగ్గా కట్టిన ట్యాంకుకీ ఈ గడ పరీక్ష కావాలి. ఒక మనిషి వంతు మడ్డి ఏడాదికి సుమారు యాభై లీటర్లు పేరుకుంటుంది. అయిదుగురికి రెండువందల యాభై. 2000 లీటర్ల ట్యాంకులో మడ్డీ తెట్టూ కలిసి మూడోవంతు ఆక్రమించడానికి రెండున్నర, మూడేళ్ళు పడుతుంది. అంతకుమించితే నీటికి నిలకడగా ఉండే చోటు మిగలదు, మడ్డి తేటతోపాటు గుంతలోకి నడిచి కంకర సందుల్ని పూడ్చేస్తుంది. గుంత ఒకసారి పూడితే మళ్ళీ కొత్తది తవ్వుకోవాల్సిందే. మూడేళ్ళకోసారి మడ్డి తోడించడం దానితో పోలిస్తే చవక. గోడలమీద ఫోన్ నంబర్లు రాసుకునే ఆ ట్యాంకర్ బండివాళ్ళు గొట్టం వేసి గంటలోపే పని ముగిస్తారు. అడుగున కొంచెం మడ్డి వదిలేయమని చెప్పాలి, తర్వాత పనికి అదే తోడు. నీటిమట్టం పైకి ఉన్న వానాకాలంలో మాత్రం తోడించకూడదు. తేలికైన ఫైబర్ తొట్టి ఖాళీగా ఉంటే భూమిలోంచి పైకి లేచిపోగలదు.

ఆ బండి మడ్డిని ఎక్కడ పోస్తోందో కూడా అడగాలి. ఊరి చివర చెరువు గట్టునో, పంట కాలువలోనో పోస్తే మన ఇంటి మురికి వేరేవాళ్ళ ఇంటికి పంపినట్టే. దీనికోసం ప్రత్యేకంగా శుద్ధి కేంద్రాలున్నాయి. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 2015లో ఒకటి మొదలైంది, తర్వాత వరంగల్ నగరం అమ్మవారిపేటలో కట్టుకుంది.

పల్లెల్లో స్థలం ఉంటే రెండు గుంతల మరుగుదొడ్డి ఇంకా సులువైన దారి. దానికి ట్యాంకు లేదు, బండి అక్కర్లేదు. ఒక గుంత నిండితే దాన్ని మూసి రెండోదానికి మళ్ళిస్తారు. మూసినది కనీసం ఏడాది మాగితే లోపల మిగిలేది వాసన లేని ఎరువు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో అలాంటి గుంతలోకి స్వయంగా దిగి ఆ ఎరువు తోడారు. ఆయన దిగినది అలా మాగిన గుంత. సెప్టిక్ ట్యాంకులోకి ఎవరూ, ఎప్పుడూ దిగకూడదు.

ఈ తేడా ప్రాణాల మీది విషయం కాబట్టి వివరంగా చెబుతాను. సెప్టిక్ ట్యాంకులో మీథేన్‌తోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. గాలికన్నా బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. మడ్డిని కర్రతో కదిపితే బుడగలుగా ఒక్కసారి పైకి వస్తుంది. పదిలక్షల పాళ్ళ గాలిలో అది నూరు పాళ్ళకి చేరితే మన ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన రావడం లేదు కదా అని మనిషి ధైర్యంగా దిగుతాడు. వెయ్యి పాళ్ళకి చేరితే ఒకటి రెండు శ్వాసలు చాలు. మొదటివాడు కూలిపోతే కళ్ళముందు చూసినవాడు ఊరుకోలేక దిగుతాడు, అతని వెనక ఇంకొకడు. ఒకే ట్యాంకులో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు పోయిన వార్తలు ఇలాగే పుడుతున్నాయి.

బావిలో దిగేముందు దీపం దించి చూడటం మన పల్లెల్లో పాత అలవాటు. దీపం ఆరితే దిగేవారు కాదు. బావికి అది పనికొచ్చిందేమో గాని ఇక్కడ ఆ పని చేయకూడదు. మీథేన్ ఉన్నచోట దీపం ఆరదు, పేలుతుంది. అగ్గిపుల్ల, బీడీ దరిదాపుల్లో ఉండకూడదు.

ట్యాంకులు తోడే పనికి తరతరాలుగా ఎవర్ని దించుతున్నామో అందరికీ తెలుసు. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ దుర్మార్గం మీద దశాబ్దాలుగా పోరాడుతున్నారు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆ పనిని నిషేధించే 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా ట్యాంకులోకి మనిషిని దించడం నేరం, దించమన్న ఇంటి యజమానికి కూడా శిక్ష ఉంది. ఇలా చనిపోయినవారి కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఆ డబ్బు ఎవరినీ తిరిగి తేదు. బండిని పిలవడానికి చాలా పట్టణాల్లో 14420 నంబరు ఉంది. "బండి ఎందుకు, ఇద్దరు మనుషుల్ని పెడితే తక్కువలో అయిపోతుంది" అని ఎవరైనా అంటే, ఆ ఇంటివాళ్ళకి ఈ సంగతులన్నీ చెప్పండి.

ఆ వేసవిలోనే మా పెరట్లో కొత్త ట్యాంకు కట్టించాం. ఈసారి అడుగున కాంక్రీటు బెడ్, లోపల అడ్డుగోడ, రెండు టీ పైపులు, దోమలు దూరకుండా కొసన వల కట్టిన గాలిగొట్టం. ఊట దగ్గర కాబట్టి లోతు గుంత మానేసి, పెరటి అవతలి మూల మట్టి పోసి మెరక చేసి, పైపైన కంకర కందకం వేయించి, అరటి మొక్కలు పెట్టాం. స్లాబు వేయకముందు ట్యాంకులో నీళ్ళు పట్టి ఒక రోజంతా వదిలేయాలి, కారుతోందేమో తెలియడానికి. సాయంత్రం పెదనాన్నగారు నీటి అంచున గోడమీద బొగ్గుతో గీత గీశారు. మర్నాడు పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోకుండానే వెళ్ళి చూసొచ్చారు. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

చేతిపంపు ఇంకా అక్కడే ఉంది. కందకం ఎంత దూరం జరిపినా దానికీ పంపుకీ మధ్య యాభై అడుగులు దాటలేదు. దాని నీళ్ళు ఇప్పుడు కొబ్బరిచెట్లకీ పశువులశాల కడగడానికీ వాడుతున్నారు. తాగడానికి పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టుకుంటున్నారు. వెదురుగడ గోడవారనే ఆనించి ఉంది, కొసన కొత్త తువ్వాలు చుట్టి.